మూల్యమా, వ్యాజమా? క్రైస్తవుల ప్రాయశ్చిత్తవాదంపై ఒక విచారణ

‘ప్రాయశ్చిత్తం’ అనే శబ్దం మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో ఇప్పుడు దేవాలయ మంటపాలలో కంటే ప్రార్థనా మందిరాలలోనే ఎక్కువగా వినిపిస్తున్నది. ఆదివారం నాటి మైకులో, బస్టాండులో చేతికిచ్చే కరపత్రంలో, ఆసుపత్రి వరండాలో రోగి పక్కన కూర్చున్న బోధకుని నోట అదే మాట. మానవుల పాపానికి ఏసుక్రీస్తు సిలువపై ప్రాయశ్చిత్తం చేశాడు, నమ్మినవానికి పాపవిమోచనం కలిగింది అని. దీనికి మనవారు ఇచ్చే జవాబు ఏమిటి? ‘ఆరు రోజులు పాపం చేస్తారు, ఏడో రోజు వెళ్లి కడుక్కుంటారు’ అనే ఎగతాళి. సెల్‌ఫోనులలో తిరిగే వీడియోలలో యువకులు ఈ ఒక్క వాక్యాన్నే పదే పదే చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నారు.

ఆస్తిక మహాశయులారా, ఇది ఖండనం కాదు. మన భాష్యకారులు పూర్వపక్షాన్ని ఉపన్యసించినప్పుడు, ఆ పక్షంవాడు విన్నా ‘నేను ఇంత చక్కగా చెప్పలేకపోయానే’ అనుకునేటట్లు ఉపన్యసించారు. ఆ తరువాతనే సిద్ధాంతం. ప్రతివాది అనని మాటను అతని నోట పెట్టి దానిని ఖండించడం వాదం కాదు, వితండకు కూడా చాలదు. క్రైస్తవులు ‘మారుమనస్సు’ అనే మాట వాడతారు. మనస్సు మారకుండా నోటితో ఒప్పుకుంటే చాలునని వారి గ్రంథం ఎక్కడా చెప్పదు. కనుక ఆ పరిహాసాన్ని వదలిపెట్టి, అసలు వివాదం ఎక్కడ ఉన్నదో చూద్దాం. నా దృష్టిలో అది ఒకే ఒక్క ప్రశ్నలో ఉన్నది: ఈశ్వర కరుణకు వెల ఉన్నదా?

మొదట శబ్దవిచారం. ప్రాయశ్చిత్త శబ్దానికి మన పెద్దలు చెప్పిన నిర్వచనం ప్రసిద్ధమే. ‘ప్రాయః’ అంటే తపస్సు, ‘చిత్తం’ అంటే నిశ్చయం. నిశ్చయంతో కూడిన తపస్సు ప్రాయశ్చిత్తం. మనుస్మృతి 11వ అధ్యాయమూ, యాజ్ఞవల్క్యస్మృతి మూడవ అధ్యాయమూ దీనికే కేటాయింపబడ్డాయి. చేసిన పాపాన్ని పదిమంది ఎదుట చెప్పుకోవడం, పశ్చాత్తాపం, తపస్సు, వేదాధ్యయనం, దానం – ఇవి పాపిని పాపం నుండి విడిపించేవని మనువు చెప్పాడు. వీటిలో ప్రతిదానికీ కర్త పాపం చేసినవాడే. మితాక్షరాకారుడు విజ్ఞానేశ్వరుడు ఇంకొక సూక్ష్మం చెప్పాడు. పాపానికి రెండు శక్తులు ఉన్నాయి, ఒకటి నరకానికి ఈడ్చేది, మరొకటి సజ్జనులతో వ్యవహారానికి అనర్హుణ్ణి చేసేది. బుద్ధిపూర్వకంగా చేసిన మహాపాతకం విషయంలో ప్రాయశ్చిత్తం రెండవదానిని మాత్రమే తొలగిస్తుందా, మొదటిదానిని కూడానా అని స్మృతికారులు తలలు బద్దలు కొట్టుకున్నారు. ఇంతటి భారం ఉన్న మాట అది.

ఈ మాటను ఎత్తుకొని, ఒకరి పాపానికి మరొకరు పొందిన మరణానికి పేరుగా పెట్టారు. దీనిలో మా మదనపల్లె పాత్ర కొంత ఉన్నది. అమెరికా రిఫార్మ్‌డ్ చర్చివారి ఆర్కాటు మిషను 1853లో ఏర్పడింది. ఆ మిషనుకు చెందిన వైద్యుడు జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో కేంద్రం నెలకొల్పి, 1908లో మరణించే వరకు ఈ ప్రాంతంతోనే ముడిపడి ఉన్నాడు. తెలుగు బైబిలు సంస్కరణ సంఘానికి అధ్యక్షత వహించినవాడు ఆయనే. యూదుల పాపపరిహార దినానికీ, పశురక్తంతో చేసే శుద్ధికీ తెలుగు బైబిలులో కనబడే మాట ప్రాయశ్చిత్తమే. అనువాదకులను నేను నిందించను. వారికి అంతకన్నా దగ్గరి మాట దొరకలేదు. కాని ఆ ఒక్క మాటతో రెండు విరుద్ధ భావాలు ఒకే పాత్రలో పోయబడ్డాయి. మా భక్తులు ఆ మాట వినగానే ‘మనం చెప్పేదే వారూ చెబుతున్నారు’ అనుకుంటున్నారు. కాదు. మన ప్రాయశ్చిత్తంలో కర్త నేను. వారి ప్రాయశ్చిత్తంలో కర్త మరొకడు.

ఇక కరపత్రాల సంగతి. పాపపరిహారానికి రక్తప్రోక్షణం అవశ్యకమని తాండ్య మహాబ్రాహ్మణం చెప్పినట్లు ఒక సంస్కృత వాక్యం కొన్ని దశాబ్దాలుగా మన జిల్లాలలో అచ్చవుతూనే ఉన్నది. ఆ వాక్యం ఆ బ్రాహ్మణంలో లేదు. అందులో ‘పరమాత్మేన’ అని ఒక పదం కనబడుతుంది. ఆత్మన్ శబ్దం నకారాంతమనీ, తృతీయలో ‘పరమాత్మనా’ అని కావాలనీ పాఠశాలలో మొదటి ఏడాది పిల్లవాడు కూడా చెబుతాడు. వేదఋషులకు వ్యాకరణం రాదని ఒప్పుకుంటే తప్ప ఆ వాక్యం నిలవదు. ప్రజాపతి యజ్ఞమే క్రీస్తు యజ్ఞానికి ఛాయ అనే వాదం మాత్రం ఇంతకంటే గౌరవింపదగినది. బెంగాలుకు చెందిన కృష్ణమోహన బెనర్జీ 1875లో అచ్చయిన గ్రంథంలో దీనిని పాండిత్యంతోనే ప్రతిపాదించాడు. దానికి సమాధానం సూటిగానే ఉన్నది. పురుషసూక్తంలోని యజ్ఞం సృష్టికి హేతువు. అక్కడ పాపప్రసక్తి లేదు, ఋణప్రసక్తి లేదు, తీర్చవలసిన శిక్ష లేదు. సోమయాగంలో దీక్షితుడు పశువు ద్వారా తనను తాను విడిపించుకుంటాడనే నిష్క్రయ భావం తైత్తిరీయశాఖలో ఉన్న మాట నిజం. అది దీక్షలో దేవతలకు సమర్పితుడైన యజమానుని విడుదల. అతడు పాపి అని కాదు.

‘మీరూ మేకలను కోస్తారు కదా, రక్తం లేనిదే క్షమ లేదని మీకూ తెలుసు కదా’ అని మరొక ప్రశ్న. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరనూ, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరనూ, చౌడేపల్లె దగ్గరి బోయకొండనూ చూపిస్తారు. నేను వచ్చిన సంప్రదాయంలో పశుబలి లేదు, దానిని సమర్థించడానికి ఇక్కడ కూర్చోలేదు. అయినా న్యాయం చెప్పాలి. బోయకొండకు మేకను తోలుకొని వెళ్లే ఆ తల్లిని అడగండి, ‘ఇది నీ పాపానికి బదులుగా చస్తున్నదా?’ అని. ఆమెకు ప్రశ్నే అర్థం కాదు. ‘బిడ్డకు జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకున్నాను, అమ్మ తగ్గించింది, వచ్చాను’ అంటుంది. తరువాత కొండ కిందనే వండుకొని బంధువులందరితో కలిసి తింటుంది. అది మొక్కుబడి, కృతజ్ఞత, సహపంక్తి. పాపపు లెక్క కాదు. యూదుల పరిహార దినాన ప్రజల పాపాలన్నీ మీద మోపి అరణ్యానికి వదిలే మేకకు సాదృశ్యం వెదకాలంటే మన పల్లెలలో దిష్టి తీసి మూడు దారుల కూడలిలో పారవేయడంలో కొంత దొరకవచ్చు. దానిని ఎవరూ మోక్షమార్గం అనలేదు.

ఇప్పుడు అసలు పూర్వపక్షం. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్ము 1098లో పూర్తిచేసిన ‘కూర్ దేయుస్ హోమో’, అనగా ‘దేవుడు మనిషి ఎందుకయ్యాడు’ అనే గ్రంథంలో ఈ వాదాన్ని తర్కబద్ధంగా నిలబెట్టాడు. పాపం దేవుని మహిమకు జరిగిన అపరాధం. అనంతునిపై అపరాధం కనుక దాని ఋణమూ అనంతం. మనిషి తీర్చవలసి ఉన్నది, కాని తీర్చలేడు. దేవుడు తీర్చగలడు, కాని బాకీ ఆయనది కాదు. కనుక దేవుడూ మనిషీ అయినవాడే తీర్చాలి. పదహారవ శతాబ్దంలో కాల్విను దీనిని న్యాయస్థానం భాషలోకి మార్చాడు. ఆయన మొదట న్యాయశాస్త్రం చదివినవాడు. ఋణం స్థానంలో శిక్ష వచ్చింది, మనం పొందవలసిన శిక్షను క్రీస్తు పొందాడు. మదనపల్లెకు వచ్చిన రిఫార్మ్‌డ్ చర్చి ఆ కాల్విను పరంపరలోనిదే. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసినా, మా ఊరి ప్రసంగాలలో నేటికీ వినిపించేది ఆ న్యాయస్థానపు భాషే.

‘నిర్దోషిని చంపి దోషిని వదలడం ఏమి న్యాయం?’ అని మనవారు వెంటనే అడుగుతారు. ఈ ప్రశ్నకు వారి వద్ద సమాధానం ఉన్నది. చనిపోయినవాడు మూడవ మనిషి కాదు, తండ్రీ కుమారుడూ ఒకే దేవుడు, తీర్పు చెప్పిన న్యాయాధిపతే పీఠం దిగి జరిమానా కట్టాడు. న్యాయమూ చెడలేదు, కరుణా చెడలేదు. ఇది బలమైన మాట. ఇది విన్న తరువాత కూడా నిలబడే ప్రశ్ననే మనం అడగాలి.

అడుగుతున్నాను. న్యాయాధిపతే జరిమానా విధించి, తానే కట్టి, తానే పుచ్చుకుంటే, ఆ ధనం ఎక్కడ నుండి ఎక్కడికి కదిలింది? అది లేకుండా క్షమించడానికి ఆయనకు అడ్డుపడింది ఏమిటి? ఆయనను మించిన నియమం ఒకటి ఉన్నదంటే ఆయన సర్వేశ్వరుడు కాడు. తన స్వభావమే అడ్డుపడిందంటే, ఆ స్వభావంలో కరుణ కంటే వసూలు పైమెట్టున ఉన్నదన్నమాట. వెల ముట్టిన తరువాత ఇచ్చినదానిని లోకంలో ఎవరూ దయ అనరు, రశీదు అంటారు.

ఈ ఆక్షేపానికి నేను మన గ్రంథాల సాక్ష్యం తేవలసిన పని లేదు, వారి సువార్తలే చాలు. క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో, మత్తయి పాఠం ప్రకారం, పాపాన్ని ఋణమనే అన్నాడు. అక్కడ ఋణాన్ని ‘తీర్చుము’ అని అడగలేదు, ‘క్షమించుము’ అని అడిగించాడు. మత్తయి 18వ అధ్యాయంలో ఒక రాజు పదివేల తలాంతుల బాకీని, దాసుడు కాళ్లమీద పడగానే కనికరించి కొట్టివేశాడు. ఆ కథలో రాజకుమారుడు వచ్చి సొమ్ము కట్టలేదు. లూకా 15వ అధ్యాయంలో ఆస్తి తగలేసి తిరిగి వస్తున్న కొడుకును దూరాన చూసి తండ్రి పరుగెత్తాడు. పెద్దకొడుకును కొట్టి చిన్నవానిని క్షమించలేదు. ఆ కథ చదివినప్పుడు నాకు కన్ను చెమరుస్తుంది. ఆ తండ్రి నాకు తెలిసిన దేవుడే. ఆన్సెల్ము చెప్పే యజమానిని మాత్రం నేను గుర్తుపట్టలేను.

క్రైస్తవులందరూ ఈ న్యాయస్థాన సిద్ధాంతాన్నే పట్టుకొని ఉన్నారని కూడా అనుకోకండి. గ్రీకు పరంపరకు చెందిన తూర్పు సంఘాలు పాపాన్ని రోగంగానూ, క్రీస్తును వైద్యునిగానూ చూడడానికే ఎక్కువ మొగ్గుతాయి. ఆన్సెల్ము తరువాతి తరంలోనే అబేలార్డు, సిలువ దేవుని కోపాన్ని చల్లార్చడానికి కాదు, మనిషి హృదయాన్ని కరిగించడానికి అన్నాడు. అంతదూరం ఎందుకు, నెల్లూరులో పుట్టిన మన తెలుగువాడు పండిపెద్ది చెంచయ్య, న్యాయమూర్తిగా పనిచేసినవాడు, 1938లో మద్రాసులో వెలువడిన ‘రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా’ గ్రంథకర్తలలో ఒకడు. తీర్పులు చెప్పడమే వృత్తి అయిన ఆ మనిషి కోర్టు భాషలోని ప్రాయశ్చిత్తాన్ని పక్కకు నెట్టి, క్రీస్తులో నూతన సృష్టిని చూశాడు. మా ఊరి బోధకులు ఆయన పేరు ఎత్తగా నేను వినలేదు.

చాంబర్లేన్ 1896లో అచ్చయిన ‘ఇన్ ది టైగర్ జంగిల్’ అనే పుస్తకంలో ఒక ఉదంతం చెప్పాడు. 1863లో నిజాం రాజ్యం మీదుగా గోదావరికి పోతూ, ఒక కోటగోడల పట్టణంలో ప్రసంగించబోతే జనం రాళ్లు ఎత్తారు. ‘ఒక కథ చెబుతాను, విన్న తరువాత కొట్టండి’ అని తెలుగులో సిలువ వృత్తాంతం చెప్పాడట. వినేవారు కంటతడి పెట్టి రాళ్లు కింద పడవేశారట. తన పక్షపు కథను తానే చెప్పుకున్నాడని కొట్టిపారవేయవచ్చు, నేను నమ్ముతాను. తెలుగువాని గుండె అటువంటిదే. అయితే ఆ జనాన్ని కరిగించినది ఏమిటి? అనంత ఋణం, దానికి సరితూగే చెల్లింపు అనే గణితమా? కాదు. తనను చంపేవారి మేలు కోరుతూ ఒకడు బాధపడ్డాడన్న వార్త. ఆ మనస్సుకు ఆ వార్త కొత్త కాదు. డేగకు తన మాంసం కోసి ఇచ్చిన శిబినీ, ఎముకలిచ్చిన దధీచినీ వింటూ పెరిగిన మనస్సు అది. భాగవతం నవమస్కంధంలో రంతిదేవుడు నలభై ఎనిమిది రోజులు ఉపవసించి, చివరికి దొరికిన నీటిని కూడా దాహార్తునికి ఇస్తూ, మోక్షం వద్దు, సర్వప్రాణుల దుఃఖం నేను అనుభవిస్తాను, వారు దుఃఖం లేనివారగుగాక అని కోరాడు.

కనుక ‘ఒకరి కోసం మరొకరు బాధపడడం మన ధర్మంలో లేదు’ అని వాదించే మిత్రులు భాగవతం మరొకసారి చదవాలి. ఉన్నది. కాని రంతిదేవుని ఎవరూ అడగలేదు. ‘నీవు బాధపడితే గాని వీరిని వదలను’ అని ఏ దేవుడూ గడప దగ్గర నిలబడలేదు. త్యాగం ప్రేమ నుండి పుడితే పూజ్యం. అది తండ్రి విధించిన షరతు అయితే, త్యాగి గొప్పవాడవుతాడు గాని తండ్రి కాడు.

మరి మన సిద్ధాంతం ఏమిటి? పాపం ప్రధానంగా ఋణం కాదు, సంస్కారం. చేసినవాని అంతఃకరణంలో పడిన మచ్చ. తండ్రి అప్పును కొడుకు తీర్చగలడు, తలమీది బరువును మరొకడు దించగలడు, కాని ఒకని ఆకలి మరొకడు తింటే తీరదు, ఒకని రోగం మరొకడు మందు తాగితే కుదరదు అని వివేకచూడామణి చూపిన దృష్టాంతం ఇక్కడ వర్తిస్తుంది. అయితే ప్రాయశ్చిత్తాలతో మాత్రం మచ్చ పోతుందా? భాగవతం షష్ఠస్కంధంలో పరీక్షిత్తు ఈ ప్రశ్ననే అడిగాడు. స్నానం చేసి గట్టెక్కి మళ్లీ దుమ్ము చల్లుకునే ఏనుగు వంటిది కదా ఇది అన్నాడు. దానికి శుకుడు చెప్పిన సమాధానమే అజామిళోపాఖ్యానం. అజామిళుడు చివరి క్షణంలో కొడుకును పిలిచాడు, ఆ కొడుకు పేరు నారాయణుడు. అది చాలింది. ‘ఇది మీ చౌక క్షమాపణ’ అని క్రైస్తవ మిత్రులు అంటే, కథ అక్కడ ముగియలేదని చెప్పండి. యమదూతలు పోయిన తరువాత అజామిళుడు తలవంచుకొని ఏడ్చి, అన్నీ విడిచి గంగాద్వారానికి పోయి యోగసాధన చేశాడు. కరుణ ముందు వచ్చింది, తపస్సు వెనుక వచ్చింది.

ఆ పిలుపును మన ఆచార్యులు ‘వ్యాజం’ అన్నారు. వ్యాజం అంటే ఒక మిష. ఇవ్వాలని ఎదురుచూసేవాడు వెదికే సాకు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో దీనిపై పెద్ద వివాదమే నడిచింది. పిళ్లైలోకాచార్యుల మార్గంలో భగవత్కృప నిర్హేతుకం, పిల్లి తన కూనను నోట కరచుకొని పోయినట్లు. వేదాంతదేశికుల మార్గంలో జీవుని వైపు నుండి ఒక చిన్న వ్యాజమైనా ఉండాలి, కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్లు. తిరుమల శ్రీనివాసుని దయను ఒక దేవిగా భావించి ‘దయాశతకం’ రచించినవారు ఆ దేశికులే. ఇన్ని శతాబ్దాలు వాదించుకున్న ఈ రెండు పక్షాలలో ఏదీ వ్యాజం స్థానంలో మూల్యాన్ని పెట్టలేదు. లలితాసహస్రంలో అమ్మకు ‘అవ్యాజకరుణామూర్తి’ అని పేరు. సాకు కూడా అడగని కరుణ అని అర్థం.

ఇంతవరకు పరమతం. ఇక మన ఇంటి సంగతి చెప్పకుండా వదిలితే ఈ రాత సగమే.

మనవారు మతం మారితే బియ్యమనీ, డబ్బనీ, బడి సీటనీ అంటాం. నేను ముప్పై ఏళ్లుగా గుడి మెట్లపై చూసినది వేరు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘స్వామీ, దేవుడు నన్ను క్షమిస్తాడా?’ అని అడుగుతుంది. మనం ఏమంటున్నాం? ‘పూర్వజన్మ కర్మ తల్లీ, అనుభవించవలసిందే’ అంటాం. లేదా జాతకం చూసి దోషానికి పేరు పెట్టి, పరిహారానికి పట్టీ రాసి, చివర ఒక అంకె వేస్తాం. ఆ అంకె వేసిన క్షణాన మనం ఆన్సెల్ముకు శిష్యులమయ్యాం, ఆయన తర్కశక్తి లేకుండా. దక్షిణ వద్దనడం లేదు, నా ఇల్లు దానితోనే గడుస్తున్నది. దక్షిణ నా శ్రమకు. క్షమకు కాదు. ఈ భేదం భక్తునికి చెప్పని అర్చకుడు సిలువ ప్రాయశ్చిత్తాన్ని ఖండించే అర్హత కోల్పోతాడు.

మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం వైపు చూడండి. 1915లో పలు మిషన్లు కలిసి అక్కడ క్షయరోగ చికిత్సాలయం తెరిచాయి. క్షయ అంటే ఇంటివారే భయపడి దూరం పెట్టిన కాలం అది. మనువు 11వ అధ్యాయంలో కర్మవిపాకం చెబుతూ, బ్రహ్మహంతకుడు క్షయరోగి అవుతాడన్నాడు. ఆ వాక్యం తాత్పర్యం పాపం చేయబోయేవానిని భయపెట్టి ఆపడం. దగ్గుతూ మంచం పట్టినవాని తలవైపు నిలబడి చదవడానికి కాదు. కాని చదివినవారు ఉన్నారు. ఆ రోగి చెవికి ఒక వైపు నుండి ‘నీవు పూర్వజన్మలో బ్రహ్మహంతకుడివి’ అనే మాట, మరొక వైపు నుండి ‘రా, పడక ఉన్నది’ అనే మాట వినిపిస్తే ఏ వైపు నడుస్తాడు? ఆ పడక కాల్విను సిద్ధాంతాన్ని రుజువు చేయదు. మన కర్మసిద్ధాంతాన్ని మనమే ఎంత వికృతం చేశామో మాత్రం రుజువు చేస్తుంది. ఈశ్వరునిపై వైషమ్య నైర్ఘృణ్య దోషాలు, అనగా పక్షపాతం, నిర్దయ అంటవని చెప్పడానికి బ్రహ్మసూత్రాలలో బాదరాయణులు కర్మను ప్రస్తావించారు. ఈశ్వరుణ్ణి నిర్దయుడు కాదని నిలబెట్టిన ఆ వాదాన్నే మనం నిర్దయకు ఆయుధం చేసుకున్నాం.

ఆ తల్లికి చెప్పవలసినది మన నిత్యకర్మలోనే ఉన్నది. ప్రతి సంకల్పం దురితక్షయం కోరుతూనే మొదలవుతుంది. సంధ్యావందనంలో మనస్సుతో, వాక్కుతో, చేతులతో, కాళ్లతో, కడుపుతో చేసిన పాపాలను పేరుపేరునా చెప్పుకొని తొలగించమని అడుగుతాం. ప్రతి పూజ చివర అపరాధక్షమాపణ ఉన్నది, దానికి టికెట్టు లేదు. ఆ శ్లోకాల అర్థాన్ని తెలుగులో విప్పి, ‘అమ్మా, అడిగావు, ఆయన విన్నాడు, ఇక లేచి ఇంటికి వెళ్లి మిగిలిన పిల్లలకు అన్నం పెట్టు’ అని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు.

మత్తయి 18వ అధ్యాయంలోని ఆ రాజు సొమ్ము పుచ్చుకోకుండానే బాకీ ఎందుకు కొట్టివేశాడో, ఆన్సెల్ము దేవుడు ఎందుకు కొట్టివేయలేకపోయాడో మా ప్రాంతపు పాస్టర్లలో ఎవరైనా చెప్పదలిస్తే వినడానికి నేను సిద్ధం. మధ్యాహ్న నివేదన అయి తలుపులు మూసిన తరువాత సాయంత్రం నాలుగు వరకు నాకు తీరికే. మంటపంలో నీడ ఉంటుంది.